కంటితో ఏరిన తీగలు

తిరుపతి,
సెప్టెంబరు 4.

శ్రీమతే రామానుజాయ నమః

చంద్రకాంతమ్మ గారికి శ్రీమన్నారాయణ నమస్కారములు.

ఫోను చేస్తే మీరు ఎత్తరు. వాట్సాప్‌లో పెడితే చూసిన గుర్తు రాదు. ఈ రోజుల్లో ఉత్తరం రాయించుకోవడం కూడా ఒక దర్జాయే, ఆ దర్జా మీకు మొదటి నుంచీ ఉంది. కనుక రాస్తున్నాను.

వచ్చే ఫిబ్రవరిలో మా నాయన శతజయంతి. ఆయన స్వరబత్ మా ఇంట్లోనే భద్రంగా ఉంది. మీరూ నేనూ చిన్నప్పుడు పక్కపక్కన కూర్చుని ఆయన దగ్గర నేర్చుకున్న వాద్యమే. ఇప్పుడు సంగీతం చదివిన వాళ్ళ ముందు ఆ పేరెత్తినా, వీణకు ఏమవుతుందని అడుగుతున్నారు. ఊళ్ళో కొత్తగా వాద్యాల మ్యూజియం ఒకటి పెడుతున్నారు. దాని అధికారి డాక్టర్ యదునందన్ గారు వచ్చి చూసి ఒక మాట చెప్పారు. శతజయంతి సభలో అది మోగితే, దాన్ని వాయించే వాద్యంగానే ఉంచి పిల్లలకు పాఠాలు పెట్టిస్తారట. మోగకపోతే గాజు అల్మారాలో పడుకోబెట్టి కింద చీటీ అంటిస్తారట. సభలో వాయించేది నేనే. ఆఫీసులో ఉన్నన్నాళ్ళూ తీరిక లేదు, రిటైరయ్యాక ఇప్పుడు ఉంది.

చిక్కంతా తీగలతో వచ్చింది. పాతవి ఎప్పుడో తెగిపోయాయి. గిటారుకు వేసే నైలాన్ తీగలు తెప్పించి కట్టాను. తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. యదునందన్ గారు విని, "సార్, ఇది మోగడం లేదు, గొణుగుతా ఉండాది" అన్నారు. నాయనకు తీగలు తెచ్చి ఇచ్చేది మీ నాయనే కదా. అవి ఏ పట్టుతో చేసినవో, ఆ పట్టు ఎక్కడ దొరికేదో తెలుపగలరు. వాద్యాన్ని పూజగదిలో ఉంచి శుక్రవారం శుక్రవారం తులసిమాల వేస్తున్నాం. కాబట్టి శుద్ధమైన సరుకు కావాలి.

ఇట్లు,
శ్రీమన్నారాయణ


చిత్తూరు,
సెప్టెంబరు 19.

స్వామివారికి చంద్రకాంతం రాయునది.

"తెలుపగలరు" అట. ఉద్యోగమంతా చేసి నువ్వు నేర్చుకున్నది ఈ ఒక్క ముక్కేనా? మీ ఇంటి వసారాలో నా జడ లాగి అయ్యగారి చేత చెవి మెలి పెట్టించుకున్న వాడివి, ఇప్పుడు నాకు "గారు" తగిలిస్తున్నావు. కాణిపాకం ఉత్సవాలకు బస్సులన్నీ అటే పోతున్నాయి, పోస్టు డబ్బా దాకా పోవడమే గగనమైంది. లేకపోతే నీ ఉత్తరం అందిన రోజే తిట్టి ఉండేదాన్ని.

నైలాన్ అంటే చేపల గాలానికి కట్టే దారం. అది గొణుగుతున్నదని ఆ అధికారి మర్యాదకు అన్నాడు. దానికి ఏడవడం కూడా రాదు.

ఏ పట్టు అని అడిగావు. ఏ మేక అని అడగాల్సింది. మేక పేగును కడిగి, గీకి, సన్నగా చీల్చి, పేని, నీడన ఆరబెడితే వచ్చే తీగ అది. మా వాళ్ళు నరం అంటారు. అయ్యగారి స్వరబత్ మీద ఆయన బతికినన్నాళ్ళూ ఉన్నది అదే. నువ్వు దాని పక్కనే పెరిగి, దాని మీద సరళీ వరసలు వాయించి, అది పట్టు అనుకున్నావు. నిన్ను ఏమనాలో నాకు తెలియడం లేదు.

ఒక్కటి గుర్తు తెచ్చుకో. అయ్యగారు రోజూ పొద్దున్నే స్నానం చేయకముందు వాయించేవారు. వసారాలో, చాప మీద. తర్వాత బావి దగ్గర తలకు పోసుకుని, మడి కట్టుకుని, తిరునామం పెట్టుకుని గుడికి పోయేవారు. మళ్ళీ మరుసటి పొద్దున దాకా దాన్ని ముట్టేవారు కాదు. బద్ధకమనుకున్నావా? ఒకరోజు నేనే అడిగాను. "ముందు దీని పని, ఆనక స్వామి పని. దేనికదే సూడాల" అన్నారు. ఆయనకు అంతా తెలుసు, తెలిసే దేని చోటు దానికి ఇచ్చారు. నువ్వేమో మేక పేగుల వాద్యాన్ని పూజగదిలో కూర్చోబెట్టి తులసిమాల వేశావు. ఆయన చూసి ఉంటే ఇంకో చెవి కూడా మెలి పెట్టేవారు.

గుళ్ళో మోగే మృదంగం మీద ఏముందో ఎప్పుడైనా తొంగి చూశావా? అదీ పట్టేనా?

చంద్రకాంతం


తిరుపతి,
సెప్టెంబరు 28.

చంద్రకాంతమ్మ గారికి,

మీ ఉత్తరం అందింది. మీ నోరు మారలేదని తెలిసి సంతోషం.

మా నాయన ఉల్లిపాయ తరిగిన కత్తిపీటతో వంకాయ తరగనిచ్చేవారు కాదు. అటువంటి ఆయన రోజూ పొద్దున్నే మేక పేగు మీటేవారని మీరు రాస్తే నేను నమ్మాలి. వాద్యం ముఖాన బిగించి ఉన్నది జింకచర్మం. అది పవిత్రమని శాస్త్రంలోనే ఉంది. తక్కినదంతా మీ ఊహ అనుకున్నాను. అయితే యదునందన్ గారిని మాటల మధ్యలో అడిగితే, ఆయన ఒక పుస్తకం తెరిచి, మీరు రాసిందే ఇంగ్లీషులో చదివి వినిపించారు. కాబట్టి ఒప్పుకోక తప్పదు.

నాకు ఆ అల్మారా అంటే భయంగా ఉంది. నాయన పేరు చీటీ మీద మిగలడం నాకు ఇష్టం లేదు. అందుకని మీరు ఆ తీగలు పంపండి. ఒక్క షరతు. పార్సిలు మీద, లోపలి పొట్లం మీద కూడా "పట్టు తీగలు" అని రాయండి. నా భార్య రంగప్రియ తరతరాలుగా గుళ్ళో కైంకర్యం చేసే ఇంటి పిల్ల. ఆమెకు తెలిస్తే నన్నూ వాద్యాన్నీ కలిపి వీధిలో పెడుతుంది. మీ పోయిన ఉత్తరం ఆమె కంట పడకుండా ఆఫీసు కాగితాల అడుగున పెట్టాను.

శ్రీమన్నారాయణ


చిత్తూరు,
అక్టోబరు 12.

స్వామివారికి,

నేను చెబితే ఊహ, పుస్తకం చెబితే నిజం. బాగుంది. జింకచర్మం సంగతి కూడా ఆ పుస్తకంలోనే చూడు. అది మేకతోలు. మా నాయన మునిరామయ్య తన చేత్తో బిగించాడు, పక్కన కూర్చుని నేను చూశాను.

పొట్లం మీద పట్టు అని రాశాను. రాస్తుంటే చేతికి సిగ్గేసింది. కట్టుకున్న భార్యతో ఒక మాట చెప్పలేని వాడివి సభలో ఏం వాయిస్తావో చూడాలి.

వడమాలపేటలో మునెయ్య అని ఒకడున్నాడు. గంగమ్మ కథలు చెప్పే వాళ్ళ ఒంటితీగ జమిడికలకు నరం పేనుతాడు. వాడు గొప్పవాడేమీ కాదు, తొందర మనిషి, సగం సరుకు ముడులతో చెడగొడతాడు. వాడి కట్టలోంచి నేను ఏరినవి ఇవి. ఎట్లా ఏరానో చెబుతాను, రేపు నేను లేకపోతే నైలాన్ దగ్గరికి పరుగెత్తకుండా.

తీగ కొసలు రెండు చేతుల వేళ్ళకు చుట్టి, బిగువుగా చాచి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని బొటనవేలితో మీటు. మీటి, చూడు. నిజమైన తీగ రెండు గీతలై కనబడుతుంది. నడుమ ఖాళీగా ఉంటుంది. అబద్ధపు తీగలో మూడో గీత ఒకటి వణుకుతుంది, లేదా అంతా పొగలాగా మసకేస్తుంది. దాన్ని అక్కడే పారెయ్యి. ఒక చోట లావు, ఒక చోట సన్నం ఉన్న తీగ ఏ మెట్టు మీదా సరిగా పలకదు. ఈ పనికి చెవులు అక్కరలేదు. చెవులున్న వాళ్ళంతా కట్టిన తర్వాత ఏడుస్తారు, కళ్ళున్న వాళ్ళు కట్టకముందే పారేస్తారు.

కట్టేముందు వేలితో ఒక్క చుక్క బాదం నూనె రాయి. నీళ్ళు తగలనీయకు.

చంద్రకాంతం


తిరుపతి,
నవంబరు 2.

చంద్రకాంతమ్మ గారికి,

మీ గొప్ప తీగలు కట్టాను. కట్టిన నాడే వదులైపోయాయి. బిరడా తిప్పితే పైకి పోతాయి, చెయ్యి తీస్తే కిందికి జారతాయి. రెండో రోజుకు పోగులు లేచి, తడి దూదిలాగా అయ్యాయి. ఒకటి మీటుతుండగానే తెగి నా చెంప మీద కొట్టింది. మూడో గీత సంగతి దేవుడెరుగు, అసలు గీతే లేదు.

ఆ చప్పుడు రికార్డు చేసి మీ మేనకోడలి ఫోనుకు పంపాను. వినండి. ఇంత పాఠం చెప్పి ఇటువంటి సరుకు పంపినందుకు మీరు సిగ్గుపడాలి. యదునందన్ గారు అల్మారా కొలతలు తీసుకుపోయారు.

శ్రీమన్నారాయణ


చిత్తూరు,
నవంబరు 14.

స్వామివారికి,

రికార్డు వినలేదు. విననక్కరలేదు. తీగలో తప్పుంటే నేను ఏరేటప్పుడే కనిపించేది.

నీ ఊళ్ళో వానలు. గోడలే చెమ్మగిల్లి ఉంటాయి, నరం ఉబ్బదా? పైగా నీ చేతులు. చిన్నప్పుడే నీ వేళ్ళు చెమటతో జిడ్డోడుతుంటే అయ్యగారు బూడిద పూయించేవారు. ఇప్పుడు ఫ్యాను కింద కూర్చుని సంతకాలు పెట్టిన వేళ్ళు ఇంకా మెత్తబడి ఉంటాయి. వాద్యాన్ని పూజగదిలోంచి తీశావా? అక్కడ అభిషేకం తడి ఉంటుందని కూడా నేనే చెప్పాలా?

అయినా ఇంకో వరస పంపుతున్నాను. ఇవి పోయినసారి వాటికన్నా మంచివి. నీ కోసం కాదు. అయ్యగారి చెయ్యి పడిన వాద్యం గాజు వెనక కూర్చుంటే నాకు అన్నం సయించదు. అందుకు.

చంద్రకాంతం


తిరుపతి,
డిసెంబరు 9.

చంద్రకాంతమ్మ గారికి,

వాద్యాన్ని పూజగదిలోంచి హాల్లోకి మార్చాను, గాలికని చెప్పి. చేతులకు పౌడరు రాసుకున్నాను. వానలూ తగ్గాయి. అయినా మీ రెండో వరస మొదటిదాని కన్నా అధ్వాన్నం. ఉబ్బినవి ఉబ్బాయి, ఆరి కొంకర్లు పోయినవి కొంకర్లు పోయాయి. పైగా మీటితే వేళ్ళకు పచ్చరంగు అంటుకుంటోంది. ఆ మునెయ్య నాసిరకం సరుకుకు రంగు పూసి మీకు అంటగడుతున్నాడు, మీరు దాన్ని వెలుతురులో పట్టుకుని నాకు పాఠాలు చెబుతున్నారు.

కోపం తెచ్చుకోకండి. మీ వయసుకు కంట్లో పొర కమ్మి ఉంటుంది. ఈ ఊళ్ళో మంచి ఆసుపత్రులున్నాయి, వచ్చి చూపించుకోండి. అంతవరకు తీగలు ఏరే పని మానండి. నేను మళ్ళీ నైలాన్ కడుతున్నాను. అది గొణిగినా నిలకడగా గొణుగుతుంది.

శ్రీమన్నారాయణ


చిత్తూరు,
డిసెంబరు 16.

నారాయణా,

నా దగ్గర ఇంకా పని చేస్తున్నది కన్ను ఒక్కటే. దాని జోలికి రాకు.

నేను పంపిన తీగలు కొబ్బరిపాల రంగు. రెండుసార్లూ అదే రంగు. మునెయ్య రంగు వెయ్యడు, వాడికి అంత ఓపిక లేదు. పచ్చరంగు నీ ఇంట్లో అంటింది. పార్సిలు ఎవరు విప్పారో, నీ చేతికి రాకముందు వాటికి ఏం చేశారో ఇంట్లో అడుగు. అడిగిన తర్వాత రాయి. అడిగే ధైర్యం లేకపోతే రాయనే రాయకు.

చంద్రకాంతం


తిరుపతి,
జనవరి 3.

చంద్రక్కా,

అడిగాను.

రెండుసార్లూ పార్సిలు విప్పింది రంగప్రియే. పొట్లం మీద పట్టు అని ఉంది. కొత్త పట్టు, అందులోనూ పూజగదిలోకి పోయేది. ఆమె పుట్టింట్లో కొత్త గుడ్డ ఏదైనా పసుపు నీళ్ళలో తడిపి మడిగా ఆరేయకుండా దేవుడి దగ్గరికి పోదు. తీగలను కూడా అట్లాగే పసుపు నీళ్ళలో నానబెట్టి, పిండి, మడి దండెం మీద ఆరేసి, చుట్టి పొట్లంలో పెట్టింది. రెండోసారి రంగు సరిగా పట్టలేదని ఇంకాసేపు నానబెట్టిందట. మొదటిసారి నాకు పచ్చగానే కనబడ్డాయి, పేగు రంగే అంత అనుకుని నోరు మూసుకున్నాను.

ఇంక దాచే దారి లేకపోయింది. అది పట్టు కాదని, ఏమిటో చెప్పాను. నాయన స్నానానికి ముందు వాయించిన సంగతీ చెప్పాను. వంటింట్లో గడప మీద కూర్చుంది. ఇట్లా అంది. "పేగని చెప్పింటే వసారాలో పెట్టిందును, నీళ్ళు తగలనియ్యకపోదును. మామగారు ఇల్లంతా తెలిసేటట్టే వాయించినారు కదా. మీరు నన్ను అంత తెలివిలేనిదాని కింద కట్టినారే, అది నాకు బాధగా ఉండాది."

నాకు తల ఎత్తుకోవడానికి లేదు. ఆమెకు తెలిస్తే రభస చేస్తుందని ఇన్ని నెలలూ నేనే అనుకుని, నేనే భయపడి, నేనే రెండు వరసలు చెడగొట్టాను. మునెయ్యను అన్నాను, నిన్ను అన్నాను, నీ కంటిని కూడా అన్నాను.

సభ దగ్గర పడింది. ఇంకోసారి పంపుతావా అక్కా? పొట్లం మీద ఉన్నది ఉన్నట్టు రాయి.

నారాయణ


చిత్తూరు,
జనవరి 11.

నారాయణా,

రంగప్రియకు నా ఆశీస్సులు. ఆ ఇంట్లో బుద్ధి ఎవరి దగ్గరుందో ఇప్పుడు తెలిసింది. నిన్ను తిట్టాలని కాగితం తీశాను గాని, ఆ పిల్ల అన్న మాట తర్వాత నేను తిట్టేది ఏమీ మిగల్లేదు. దాచుకుని తర్వాత తిడతాను.

ఈసారి ఏరి పంపడం లేదు. మునెయ్య ఇచ్చిన కట్ట కట్టంతా పంపుతున్నాను, ముడులతో, లావు సన్నాలతో. నువ్వే ఏరుకో. నా కంట్లో పొర కదా. పొట్లం మీద పెద్ద అక్షరాలతో మేక పేగు అని రాశాను. పార్సిలు కౌంటరులో ఒకడు చదివి మొహం అదోలా పెట్టాడు, కూర ఏమైనా పంపుతున్నావా అవ్వా అని కాగితం మీద రాసి చూపించాడు.

సభకు వస్తాను. ముందు వరసలో, పక్కకు కాకుండా నీకు ఎదురుగా కుర్చీ వెయ్యి.

చంద్రకాంతం


తిరుపతి,
ఫిబ్రవరి 20.

చంద్రక్కా,

సభలో మాట్లాడుకోవడం కుదరలేదు. నువ్వు సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయావు. అందుకే రాస్తున్నాను.

తీగలు ఏరింది నేనొక్కడినే కాదు. రోజూ పొద్దున్నే, స్నానాలకు ముందు, వసారాలో నేను చాచి పట్టుకుంటే రంగప్రియ మీటి చూసేది. నేను సరేనన్న వాటిలో సగం ఆమె పక్కన పడేసింది. "ఈడ సూడండి, మూడోది వణకతా ఉండాది" అనేది. కట్టలో చివరికి మిగిలినవి కొన్నే. అవే కట్టాను.

నీకు తెలియాల్సిన సంగతి, యదునందన్ గారు ఒప్పుకున్నారు. అల్మారా లేదు. వాద్యం మా వసారాలోనే ఉంటుంది, పాఠాలు మొదలు పెట్టించమన్నారు. నన్నే చెప్పమన్నారు. గురువు చిత్తూరులో ఉందని, తీగ ఏరడం దగ్గరి నుంచీ ఆమె దగ్గరే నేర్చుకోవాలని చెప్పాను.

ఇంకొక సంగతి రాయాలా వద్దా అని నిన్నంతా ఆలోచించాను. నేను మొదలు పెట్టకముందు మైకు పెద్దగా కీచుమంది. సభంతా చెవులు మూసుకుంది. ఒక ముసలాయన లేచి తిట్టాడు కూడా. నువ్వు కదల్లేదు. నా చేతిలో వాద్యాన్నే చూస్తూ కూర్చున్నావు. తర్వాత రంగప్రియ నీ వెనక నిలబడి రెండుసార్లు పిలిచింది, భుజం తడితే గాని తిరగలేదు. అప్పుడు ఎత్తని ఫోను, వినని రికార్డు, కౌంటరులో వాడు కాగితం మీద రాసిన మాట, అన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. నేను దర్జా అని రాశాను. నీ కంటికి పొర అని కూడా రాశాను. నాకు చాలా బాధగా ఉంది.

ఎప్పటి నుంచి అక్కా? నాయన నేర్పిన కీర్తన నేను వాయించింది నీకు ఏమైనా వినపడిందా?

నారాయణ


చిత్తూరు,
ఫిబ్రవరి 27.

నారాయణా,

ఎప్పటి నుంచో ఎందుకు? తెలిస్తే తెప్పించి ఇస్తావా? నాకు జాలి ఉత్తరాలు రాయకు, నీకు అవి రాయడం చేతకాదు.

వినపడలేదు. ఒక్క ముక్క కూడా వినపడలేదు. అందుకే ఎదురుగా కుర్చీ వెయ్యమన్నాను. నువ్వు మొదటి కీర్తన ఎత్తుకున్నప్పుడు తీగ రెండు గీతలై నిలబడింది. నడుమ ఖాళీ శుభ్రంగా ఉంది. అయ్యగారి చేతి కింద ఎట్లా నిలబడేదో అట్లాగే. అది చూసి నాకు ఏడుపొచ్చింది. పక్కనున్న ఆవిడ నీ సంగీతానికి ఏడుస్తున్నాననుకుని చేతిగుడ్డ ఇచ్చింది. అంత పొగడ్త నీకు రానివ్వకూడదని తీసుకోలేదు.

రెండో కీర్తన మధ్యలో నీ పై తీగ మూడు గీతలైంది. చివరిదాకా మూడు గీతలతోనే లాగించావు. నువ్వు గమనించలేదు. ఆ అధికారి తల ఊపుతూనే ఉన్నాడు, సభంతా చప్పట్లు కొట్టింది. అందరికీ చెవులున్నాయి మరి.

పాఠాలకు వచ్చే పిల్లలను ఆదివారం పంపు. రంగప్రియను కూడా రమ్మను, ముందు ఆమెకే నేర్పుతాను. పొద్దున మొదటి బస్సుకు రావాలి, స్నానాలు ఇక్కడికి వచ్చి పాఠం అయిన తర్వాత. నువ్వు రానక్కరలేదు. నువ్వు ఇంట్లో కూర్చుని ఆ పై తీగ మార్చు.

చంద్రకాంతం